లాగిన్ ఎందుకు ఆగిందో సర్వర్‌కు తెలుసు, లాగ్‌కు తెలియదు

"లాగిన్ కావడం లేదు" అని ఎవరైనా ఫోను చేస్తే మనం ఇచ్చే జవాబులు ఏనాడో ఖరారైపోయాయి. క్యాష్, కుకీలు క్లియర్ చేసి చూడండి, వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించండి, అప్పటికీ కాకపోతే పాస్‌వర్డ్ మార్చుకోండి. బ్యాంకు హెల్ప్‌లైన్ నుంచి ప్రవేశ పరీక్షల సహాయ కేంద్రం దాకా ఇదే వరస. ఈ చిట్కాలు పనిచేయవని నేను అనను. చాలాసార్లు పనిచేస్తాయి, నా అభ్యంతరమూ అక్కడే ఉంది. కుకీలంటే వాడుకరిని గుర్తుపట్టడానికి సైటు బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులు. అవి తుడిచేస్తే పాడైన సెషన్, అంటే ఆ మనిషి లాగిన్ అయి ఉన్నారన్న నమోదు, పోతుంది, అది ఎలా పాడైందో చెప్పగలిగే ఆధారమూ దాంతోపాటే పోతుంది. పాస్‌వర్డ్ మార్చుకున్నాక పాతదానితో వచ్చిన చిక్కేమిటో తెలుసుకునే దారి ఉండదు. ఫోను చేసిన మనిషి లోపలికి వెళ్లిపోతారు, మనం ఫిర్యాదు మూసేస్తాం, అదే లోపం మర్నాడు మరొకరికి ఎదురవుతుంది.

విజయవాడలోని ఒక శిక్షణ సంస్థ వెబ్‌సైటును కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. ఈ పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: సర్వర్ ఒక మనిషిని వెనక్కి పంపేటప్పుడు, ఎందుకు పంపుతోందో ఆ క్షణంలో దానికి కచ్చితంగా తెలుసు. ఆ కారణాన్ని లాగ్‌లో, అంటే సర్వర్ తన పనులను రాసుకునే ఫైలులో, అక్కడికక్కడే రాసిపెట్టకపోతే తరువాత మనం చేసేదంతా ఊహాగానమే. అయితే రాసిపెట్టవలసింది సర్వర్ తీసుకున్న నిర్ణయాన్ని. వాడుకరి టైపు చేసినదాన్ని కాదు. లాగ్‌ల గురించి మాట్లాడేవారిలో ఎక్కువమంది ఈ తేడాను పట్టించుకోరు. "అంతా రాయండి, డిస్క్ చవక" అని కొందరు, "ఏమీ రాయవద్దు, గోప్యత" అని కొందరు. రెండు వాదాలతోనూ నాకు పేచీ ఉంది.

ఫీజు కట్టి తిరిగివస్తే లాగిన్ పేజీ

ఫీజుల గడువు దగ్గరపడిన ఒక వారం ఈ అభిప్రాయానికి మూలం. విద్యార్థులు లాగిన్ అయి, వివరాలు నింపి, పేమెంట్ గేట్‌వేకు వెళ్లి, ఓటీపీ కొట్టి, డబ్బు కట్టి తిరిగి వచ్చేసరికి రసీదుకు బదులు లాగిన్ పేజీ కనిపించేది. ఖాతాలో డబ్బు తగ్గినట్టు బ్యాంకు మెసేజ్ మాత్రం అప్పటికే వచ్చేసేది. ఒక తండ్రి ఆ మెసేజ్‌ను రిఫరెన్స్ నంబరుతో సహా పొల్లుపోకుండా చదివి వినిపించి, "ఇప్పుడు మళ్లీ కట్టమంటారా సార్?" అని అడిగారు. ఆఫీసులో మా సహోద్యోగి పరీక్షించి చూస్తే ప్రతిసారీ రసీదు నిక్షేపంగా వచ్చింది. దాంతో "పిల్లల దగ్గర నెట్ స్లో సార్" అనే తీర్పు వెలువడింది. ఆ తీర్పులో ఒక అణా వంతు నిజం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

లాగ్‌లో ఏముంది? గేట్‌వే వైపు నుంచి వాడుకరి బ్రౌజర్ ద్వారా మా చిరునామాకు ఒక పోస్ట్ అభ్యర్థన (ఫారంలోని వివరాలను పంపే రకం) వచ్చింది, సర్వర్ 302, అంటే వేరే పేజీకి వెళ్లమనే కోడ్, జవాబుగా ఇచ్చి లాగిన్ పేజీకి మళ్లించింది. ఎందుకు మళ్లించిందో లేదు. సెషన్ కుకీ అసలు రాలేదా, వచ్చినా గడువు తీరిందా, గడువు ఉన్నా సర్వర్‌లో ఆ సెషన్ ఫైలు లేదా, ఫైలు ఉన్నా అందులో వాడుకరి సంఖ్య లేదా? ఇవి నాలుగు వేర్వేరు సంగతులు, నాలుగింటికీ పరిష్కారాలు వేరు. బయటికి మాత్రం అన్నీ ఒకే 302గా కనిపిస్తాయి. కోడ్‌లో ఆ నాలుగు చోట్లా నాలుగు వేర్వేరు వాక్యాలు లాగ్‌లోకి వెళ్లేలా మార్చాం. ఆ సాయంత్రానికే జవాబు దొరికింది: కుకీ అసలు రావడం లేదు.

అక్కడి నుంచి మిగిలింది ఈ పని చేసేవారికి తెలిసిన కథే. 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80తో, సేమ్‌సైట్ (వేరే సైటు నుంచి వచ్చే అభ్యర్థనతో వెళ్లాలా వద్దా అనే సూచన) అని ఏమీ రాయని కుకీని ల్యాక్స్‌గా భావించే పద్ధతి మొదలైంది. కోవిడ్ సమయంలో అత్యవసర సైట్లకు ఇబ్బంది కలగకూడదని ఏప్రిల్‌లో దాన్ని ఆపి, జూలైలో మళ్లీ అమలుచేశారు. ల్యాక్స్ కుకీ వేరే సైటు నుంచి వచ్చే పోస్ట్ అభ్యర్థనతో ప్రయాణం చేయదు. మరి మా ఆఫీసులో ఎలా పనిచేసింది? పాత సైట్లు ఒక్కసారిగా కుప్పకూలకుండా క్రోమ్ ఒక మినహాయింపు పెట్టింది. అలా సేమ్‌సైట్ రాయని కుకీ పుట్టి 2 నిమిషాలు దాటకపోతే, పోస్ట్‌తో కూడా దాన్ని పంపుతుంది. మా సహోద్యోగి లాగిన్ అయి, ముందే నింపి ఉన్న వివరాలతో చకచకా వెళ్లి, ఆ 2 నిమిషాలలోపే తిరిగి వచ్చేవారు. విద్యార్థి మాత్రం మార్కుల జాబితా వెతుక్కుని, తండ్రి ఫోనుకు వచ్చిన ఓటీపీని అడిగి తెలుసుకుని వచ్చేసరికి గడువు దాటిపోయేది. నెట్ స్లో అన్న తీర్పు అణా వంతు నిజమన్నది ఇందుకే.

మరో సంగతి కూడా కొత్త లాగ్ వాక్యాలే పట్టిచ్చాయి. కుకీ లేకుండా వచ్చిన ఆ పోస్ట్‌కు మా సైటు నడిచే భాష పీహెచ్‌పీ కొత్త సెషన్ తెరిచి, అదే పేరుతో కొత్త కుకీ ఇచ్చేది. అది బ్రౌజర్‌లో ఉన్న పాత కుకీ మీద పడేది. బ్యాక్ బటన్ నొక్కినా పిల్లలు లోపలికి వెళ్లలేకపోవడానికి కారణం అదే. కుకీకి సేమ్‌సైట్ నన్ (ఎక్కడి నుంచి వచ్చినా పంపవచ్చు) అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు, చాలామంది అదే చేశారు. నా ఉద్దేశంలో అది దొడ్డిదారి. గేట్‌వే నుంచి తిరిగివచ్చే చిరునామా అసలు సెషన్ మీద ఆధారపడకూడదు. గేట్‌వే పంపిన లావాదేవీ సంఖ్యను, వివరాలు మారలేదని చూపే చెక్‌సమ్‌ను సరిచూసి, ఫీజు ముట్టినట్టు నమోదు చేసి, ఆ తరువాత రసీదు పేజీకి, పేజీని చూపమని అడిగే మామూలు గెట్‌తో మళ్లిస్తే పాత కుకీ బుద్ధిగా వెంట వస్తుంది. మేము అలాగే మార్చాం.

యాక్సెస్ లాగ్ చెప్పనిది

వెబ్ సర్వర్ ఎలాగూ ఒక లాగ్ రాస్తోంది కదా, అది చాలదా అని అడిగేవారుంటారు. అదే ప్రశ్న ఒక హోస్టింగ్ సంస్థ సహాయక సిబ్బంది దగ్గర మరో రూపంలో విన్నాను. "అన్నీ 200లే వస్తున్నాయండీ, మీ లాగిన్ బాగానే ఉంది" అన్నారు ఆయన. 200 అంటే పేజీ సవ్యంగా వెళ్లిందని చెప్పే కోడ్. ఫారంతో నడిచే లాగిన్‌లో పాస్‌వర్డ్ తప్పయితే సర్వర్ అదే పేజీని ఒక ఎర్ర వాక్యంతో మళ్లీ చూపిస్తుంది, కాబట్టి కోడ్ 200. సరైనదైతే లోపలి పేజీకి మళ్లిస్తుంది, కాబట్టి 302. వర్డ్‌ప్రెస్‌లో జరిగేది కూడా ఇదే. అంటే ఆయన చూసిన 200ల వరస లాగిన్‌లు విఫలమవుతున్నాయనడానికి నిదర్శనం. యాక్సెస్ లాగ్ అబద్ధం చెప్పలేదు. పేజీ సజావుగా వెళ్లిందా లేదా అన్నదే దాని లెక్క. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో లోపలికి వెళ్లినవారి పేర్లుంటాయి గానీ, ఎవరిని ఎందుకు వెనక్కి పంపాడో ఉండదు. గొడవ వచ్చేది మాత్రం ఆ వెనక్కి వెళ్లినవారి గురించే.

మొబైల్ యాప్‌లకు జవాబిచ్చే ఏపీఐల (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గాల) దగ్గర, అనుమతి లేదని చెప్పే 401, 403 కోడ్‌లు వాడతారు కాబట్టి కొంత నయం అనిపిస్తుంది. అక్కడా ఒక పాత ఉచ్చు ఉంది. అపాచీ అనే వెబ్ సర్వర్ తన వెనక సీజీఐ పద్ధతిలో, అంటే విడిగా, నడిచే ప్రోగ్రాములకు వాడుకరి గుర్తింపు టోకెన్‌ను మోసే ఆథరైజేషన్ హెడర్‌ను తనంతట తాను అందించదు. దాన్ని అందించమని చెప్పే సీజీఐపాస్ఆథ్ అనే సెట్టింగు 2.4.13 వెర్షన్ నుంచి ఉంది. ఆ సెట్టింగు లేని సర్వర్‌కు సైటును మార్చిన రోజున ప్రతి వాడుకరికీ 401 వస్తుంది, యాప్ మాత్రం ప్రతి ఒక్కరికీ "పాస్‌వర్డ్ తప్పు" అని చూపిస్తుంది. పాస్‌వర్డ్ తప్పడానికి అసలు అది ప్రోగ్రాము దాకా చేరితే కదా! "హెడర్ రాలేదు", "హెడర్ వచ్చింది, టోకెన్ చెల్లలేదు" అనే రెండు వాక్యాలు లాగ్‌లో వేర్వేరుగా ఉంటే ఇది కాఫీ చల్లారేలోపు తేలే వ్యవహారం. లేకపోతే వందలమంది పాస్‌వర్డ్‌లు మార్చుకుంటారు.

తెర మీద ఒక మాట, లాగ్‌లో పది

"యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు" అని తెర మీద పొడిగా చెప్పడాన్ని నేను తప్పుపట్టను. "ఈ ఈమెయిల్‌తో ఖాతా లేదు" అని విడమరచి చెబితే, చేతిలో లక్ష ఈమెయిళ్ల జాబితా ఉన్నవాడికి అందులో ఎవరెవరు మా దగ్గర ఉన్నారో మేమే చెప్పినట్టవుతుంది. చిక్కంతా ఆ పొడి వాక్యమే లాగ్‌లోకి కూడా వెళ్లడంతో వస్తుంది. ప్రోగ్రామర్ ఒకే చలరాశిలో సందేశాన్ని పెట్టుకుని, దాన్నే తెరకూ లాగ్‌కూ పంపిస్తాడు. దాంతో దుండగుడి నుంచి దాచవలసిన సంగతిని మన నుంచే దాచుకుంటాం. ఖాతా లేదు, పాస్‌వర్డ్ కలవలేదు, ఖాతాను నిలిపివేశారు, ఈమెయిల్ నిర్ధారణ కాలేదు, ఓటీపీ గడువు తీరింది, ఓటీపీ ఇంతకుముందే వాడేశారు, సెషన్‌ను రాయడం కుదరలేదు: వీటిలో ప్రతి ఒక్కటీ లాగ్‌లో తన సొంత కోడ్‌తో ఉండాలి.

తెరకూ లాగ్‌కూ మధ్య ముడివేయడానికి మేము పెట్టుకున్నది, విఫలమైన ప్రతి ప్రయత్నానికీ తెర మీద కనిపించే ఒక చిన్న సంఖ్య. అది దేనికీ సూచిక కాదు, యాదృచ్ఛికంగా పుట్టినది, అదే సంఖ్య లాగ్‌లోని ఆ వరుసలోనూ ఉంటుంది. మొదట అక్షరాలూ అంకెలూ కలిపి పెడితే ఫోనులో "బీ"నా "డీ"నా అన్నది తేలక సతమతమయ్యాం. ఇప్పుడు అంకెలే. ఎప్పుడు ప్రయత్నించారు, ఏ ఫోను, ఏ బ్రౌజర్ అన్న విచారణ అక్కరలేకుండా, ఆ అంకెలు చదివితే సరిపోతుంది.

వాక్యం ఏది రాయాలన్నదే కాదు, ఏ చోట రాయాలన్నదీ ముఖ్యమే. ఒకసారి లాగ్ నిండా "లాగిన్ విజయం" అని ఉన్నా, ఎవరూ లోపల నిలవలేకపోయారు. పాస్‌వర్డ్ కలవగానే ఆ వాక్యం రాసేసి, సెషన్‌ను భద్రపరచడం ఆ తరువాత జరిగేలా పాత కోడ్ ఉంది. డిస్క్ నిండిపోయి సెషన్ ఫైళ్లు రాయడం కుదరలేదు, కాబట్టి తరువాతి పేజీకి వెళ్లగానే మళ్లీ లాగిన్ పేజీ. డిస్క్‌ను నింపింది ఏమిటంటారా? లాగ్ ఫైలే. ఎవరో ప్రతి చిన్న సంగతినీ రాసే డీబగ్ స్థాయిని తెరిచి మూయడం మరిచారు. ఆ ఫైలును తొలగించినా ఖాళీ కాలేదు, ఎందుకంటే నడుస్తున్న ప్రాసెస్ దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ లెక్క నిండుగా, ఫైళ్ల పరిమాణాన్ని కూడే డీయూ లెక్క ఖాళీగా కనిపించే ఈ వింత లినక్స్ మీద పనిచేసేవారందరికీ ఎప్పుడో ఒకప్పుడు అనుభవమే. ఎక్కువ రాస్తే మంచిదనే వాదంతో నాకున్న పేచీలో ఇది మొదటిది. లాగిన్‌ను కనిపెట్టుకుని ఉండవలసిన లాగే లాగిన్‌ను ఆపింది.

కంటికి ఒకటిగా కనిపించే పేర్లు

తెలుగులో యూజర్ నేమ్ పెట్టుకోనిచ్చే సైట్లకు ఇంకొక బెడద ఉంది, దీని గురించి మనవాళ్లు రాయగా నేను పెద్దగా చూడలేదు. 'శ్రీకాంత్' అనే పేరును తీసుకోండి. అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్ లెక్కలో అందులో 9 సంకేతాలున్నాయి. అదే పేరు చివరి పొల్లు తరువాత కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే, అంటే అక్షరాలు కలవకుండా ఆపే సున్నా వెడల్పు గుర్తు, చేరితే 10 అవుతాయి. 'హైదరాబాద్‌లో' వంటి మాటల్లో ద్, ల అతుక్కోకుండా ఉండటానికి ఈ గుర్తు మనకు అవసరమే. అయితే కొన్ని టైపింగ్ పద్ధతులు మాట చివర కూడా దాన్ని వదిలిపెడతాయి. కంప్యూటరులో ఒక పద్ధతితో ఖాతా తెరిచి, ఫోనులో మరో కీబోర్డుతో లాగిన్ కాబోయిన మనిషికి తెర మీద తన పేరు అచ్చం అలాగే కనిపిస్తుంది, సర్వర్‌కు మాత్రం వేరే పేరు. ఐత్వం కథా ఇలాంటిదే. 'ై' ఒకే సంకేతంగానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. యూనికోడ్ ప్రమాణం రెండూ సమానమేనంటుంది, బైట్లను పోల్చే ప్రోగ్రాము సమానం కాదంటుంది.

ఇలాంటి చోట లాగ్‌లో పేరును ఉన్నది ఉన్నట్టు రాసినా లాభం లేదు. రెండు వరుసల్లోనూ ఒకే పేరు కనిపించి మనల్ని మరింత గందరగోళపెడుతుంది. "ఖాతా లేదు, 10 సంకేతాలు, 30 బైట్లు, కనిపించని గుర్తు ఉంది" అని రాస్తే అసలు పేరే అక్కరలేదు. టైపు చేసినదాన్ని రాయకుండా దాని గురించి రాయడం ఎంత ఉపయోగమో చూపడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. పేర్లను నమోదు సమయంలోనూ లాగిన్ సమయంలోనూ ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చి, చివరి గుర్తును తీసేయడం దీనికి మందు. పేరు మధ్యలో ఉన్న గుర్తును తీసేయాలా అన్నదానిపై నాకు సందేహమే, ఎందుకంటే అక్కడ అది పేరు రూపాన్నే మారుస్తుంది.

లాగ్ పట్టుకోలేని లోపాలూ ఉన్నాయని ఒప్పుకోవాలి. పాస్‌వర్డ్‌లను హ్యాష్ చేసే, అంటే తిరిగి చదవలేని రూపంలోకి మార్చే, బీక్రిప్ట్ 72 బైట్ల తరువాత ఉన్నదాన్ని పట్టించుకోదు, పీహెచ్‌పీలో కూడా అంతే. తెలుగు సంకేతానికి యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో 3 బైట్లు. కాబట్టి తెలుగులో పొడవైన వాక్యాన్ని పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న మనిషికి సుమారు 24 సంకేతాలు దాటాక ఏమి కొట్టినా తలుపు తెరుచుకుంటుంది. లాగ్ దాన్ని "విజయం" అనే రాస్తుంది. 2024లో లాగిన్ సేవలు అమ్మే ఓక్టా సంస్థలో బయటపడిన లోపానికి మూలం కూడా బీక్రిప్టే. యూజర్ నేమ్ 52 అక్షరాలు లేదా అంతకంటే ఎక్కువ ఉండి, మరికొన్ని పరిస్థితులు కలిసివస్తే, పాస్‌వర్డ్ లేకుండానే ప్రవేశం దొరికే వీలుండేది. జూలై 23న చేరిన ఆ లోపాన్ని అక్టోబర్ 30న సరిచేసి, మధ్య కాలపు లాగ్‌లలో అంత పొడవైన పేర్ల ప్రవేశాలను వెతుక్కోమని ఖాతాదారులకు చెప్పారు. విఫలమైన ప్రయత్నాలనే దాచుకునే సైటుకు ఆ వెతుకులాట సాధ్యం కాదు.

రాయకూడనివి

ఇక రెండో వైపు. 2018 మే 3న ట్విట్టర్ తన 33 కోట్ల పైచిలుకు వాడుకరులందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. బీక్రిప్ట్‌తో హ్యాష్ చేయడానికి ముందే పాస్‌వర్డ్‌లు అంతర్గత లాగ్‌లోకి ఉన్నవి ఉన్నట్టు వెళ్లిపోయాయి. అంతకు కొద్దిరోజుల ముందే, కోడ్ భద్రపరిచే సైటు గిట్‌హబ్ కూడా అలాంటి లోపాన్నే కొద్దిమంది వాడుకరుల విషయంలో ప్రకటించింది. 2019 మార్చిలో ఫేస్‌బుక్ వంతు వచ్చింది, కోట్లమంది పాస్‌వర్డ్‌లు లోపలి వ్యవస్థల్లో చదవగలిగే రూపంలో ఉన్నాయని ఒప్పుకుంది. దానికి ఐర్లాండ్ డేటా రక్షణ కమిషన్ 2024 సెప్టెంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మీద 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. వీరెవరికీ భద్రత తెలియదని అనలేం. పాస్‌వర్డ్‌ను డేటాబేసులో పెట్టేటప్పుడు తీసుకున్న జాగ్రత్త, లాగ్ దగ్గరికి వచ్చేసరికి జారిపోయింది.

పాస్‌వర్డ్ పెట్టెలోనిది రాయకూడదన్నది అందరికీ తెలుసు. యూజర్ నేమ్ పెట్టెలోనిది కూడా ప్రమాదమేనని ఎంతమందికి తెలుసు? తొందరలో ట్యాబ్ పడక, పాస్‌వర్డ్‌ను పైపెట్టెలోనే కొట్టేయడం సర్వసాధారణం. యూనిక్స్ మనుషులు దీన్ని ఏనాడో గుర్తించారు. లినక్స్‌లో లాగిన్.డెఫ్స్ అనే ఫైలులో, తెలియని పేరుతో వచ్చిన విఫల ప్రయత్నాల్లో ఆ పేరును రాయాలా వద్దా అన్న సెట్టింగు ఒకటుంది. పేరు బదులు పాస్‌వర్డ్ కొట్టి ఉండవచ్చు కాబట్టి రాయడం ప్రమాదమని దాని మాన్యువల్‌లో గమనిక కూడా ఉంది. మేము పాటించే పద్ధతి దానికి దగ్గరగా ఉంటుంది. ఖాతా దొరికితే ఖాతా సంఖ్య రాస్తాం. దొరకకపోతే టైపు చేసినదాన్ని రాయం, మా రహస్య తాళంతో తీసిన హ్యాష్‌లో కొంత భాగాన్ని రాస్తాం. అదే తప్పు పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే అది సరిపోలుతుంది, పేరేమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

చిరునామాలో కనిపించే సంగతులకూ ఇదే వర్తిస్తుంది. పాస్‌వర్డ్ రీసెట్ లింకులోని టోకెన్ యాక్సెస్ లాగ్‌లో దానంతట అదే పడిపోతుంది, కాబట్టి దానికి తక్కువ గడువు పెట్టి, ఒక్కసారి వాడగానే చెల్లకుండా చేయాలి. బయటి నుంచి వచ్చిన పాఠ్యాన్ని లాగ్‌లో యథాతథంగా పోయడం ఎంత దూరం వెళ్లగలదో 2021 డిసెంబరులో లాగ్4షెల్ అనే లోపం చూపించింది. యూజర్ నేమ్ పెట్టెలో ఒక వరుస కొడితే, దాన్ని రాసుకోబోయిన జావా లైబ్రరీయే వెళ్లి బయటి కోడ్‌ను తెచ్చి నడిపింది.

ఎక్కడి నుంచి, ఎన్ని గంటలకు

ఐపీ చిరునామా లాగ్‌లో ఉంటే మనిషి దొరికినట్టే అనుకునే అలవాటు మన దేశంలో మరీ పనికిరాదు. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీవీ4 చిరునామా వెనక వేలమంది ఉంటారు. అందుకే చిరునామాతోపాటు సోర్స్ పోర్టు సంఖ్యను (ఆ కనెక్షన్‌ను వేరుచేసేది) కూడా రాయమని ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6302 సిఫారసు 2011లోనే చెప్పింది, ఆచరించేవారు అరుదు. తప్పు లాగిన్‌లను చూసి చిరునామాలను మూసే ఫెయిల్2బ్యాన్‌ను ఉన్నదున్నట్టు పెడితే 10 నిమిషాల్లో 5 తప్పులకు ఆ చిరునామాను 10 నిమిషాలు మూసేస్తుంది. ఫలితాలు వచ్చిన ఉదయం ఒక బాలికల హాస్టల్ మొత్తానికి మా సైటు తెరుచుకోకపోవడానికి కారణం అదే, అందరిదీ ఒకే వైఫై. సర్వర్ ముందు ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్, ఉండి, దాని చిరునామాయే లాగ్‌లో పడుతుంటే ఇక ఊరందరికీ నిషేధమే. అసలు చిరునామాను చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ చదివితే సరిపోతుందని అంటారు గానీ, దాన్ని ఎవరైనా తమకు నచ్చినట్టు రాసి పంపవచ్చు. మన సొంత ప్రాక్సీ చేర్చిన చివరి ముక్కనే నమ్మాలి.

గడియారం గురించి క్లుప్తంగా. సర్వర్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో రాస్తుంది, ఫోను చేసినవారు ఉదయం 10:40 అంటారు, లాగ్‌లో మనం 5:10 దగ్గర వెతకాలి. ఐదున్నర గంటల తేడాలోని ఆ అరగంట కొత్తవారిని తప్పకుండా తికమకపెడుతుంది. ఆథెంటికేటర్ యాప్‌ల కోడ్ సాధారణంగా 30 సెకన్లకొకసారి మారుతుంది కాబట్టి సర్వర్ గడియారం రెండు నిమిషాలు తప్పినా అందరి కోడ్‌లూ తప్పే. గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో సరిచేసుకోవాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో చెప్పింది. గడియారం సంగతి ఏ వంకా పెట్టలేనిది. 180 రోజుల సంగతే నన్ను ఆలోచనలో పడేస్తుంది.

లాగ్ చదివేది ఎవరు

ఇంత వివరంగా రాసిన లాగ్‌ను 180 రోజులు దాచడమంటే, వేలమంది విద్యార్థులు ఏ రాత్రి ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి వచ్చారో మన దగ్గర పోగుపడటమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటోంది. ఏమీ రాయవద్దనేవారి వాదంలో నేను తోసిపుచ్చలేని భాగం ఇదే. దుండగుల భయం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మా యాజమాన్యం నుంచి వచ్చిన ఒక కోరిక. లాగ్ ఇంత బాగా ఉందని తెలిశాక, అధ్యాపకుల లాగిన్ సమయాలను నెలనెలా పట్టికగా ఇవ్వమన్నారు, హాజరు చూసుకోవడానికట. అడిగినవారి దృష్టిలో అది చాలా చిన్న కోరిక, డేటా ఎలాగూ ఉంది కదా.

నేను ఒప్పుకోలేదు. లాగిన్ ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి రాసినదాన్ని మనుషులను లెక్కగట్టడానికి వాడితే, రేపు ఎవరైనా ఇంటి నుంచి అర్ధరాత్రి లాగిన్ కావడానికి కూడా సందేహిస్తారు, ఒకరి పాస్‌వర్డ్‌ను మరొకరు కొట్టి హాజరు వేయడం మొదలవుతుంది. అప్పుడు లాగ్‌లో ఉన్న ఖాతా సంఖ్యకూ తెర ముందున్న మనిషికీ సంబంధం తెగిపోతుంది, మరమ్మతుకు కూడా అది పనికిరాదు. హాజరు కావాలంటే హాజరుకు వేరే ఏర్పాటు చేయమన్నాను. ఆ మాట వారికి రుచించలేదు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, విజయవంతమైన లాగిన్ వరుసలు వేరే ఫైలులో, వేరే అనుమతులతో ఉంటాయి. వాటిని తెరవాలంటే ఒక ఫిర్యాదు సంఖ్య ఇవ్వాలి, ఎవరు తెరిచారన్నది కూడా నమోదవుతుంది. పట్టిక కోరిక మాత్రం ప్రతి సమీక్షలోనూ మళ్లీ వస్తూనే ఉంది, ఈసారి దాన్ని రాతపూర్వకంగా అడగమన్నాను.